ఆకాశం తెరుచుకునే వేళ

సోమాజిగూడలో రాజ్‌భవన్ రోడ్డు మీదున్న మన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకి మొదటిసారి వచ్చినవాళ్లు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "దీనికి ఎంత పవరుంటుందండీ?" స్పీకర్లో జర్మనీ మనిషి గొంతు పక్కగదిలోంచి వచ్చినట్టు వస్తుంటే, ఆ పెట్టె వెనకాల ఎక్కడో పెద్ద యంత్రం ఉండి తీరాలని వాళ్లకనిపిస్తుంది. వంద వాట్లు అంటే నమ్మరు. పాతరోజుల్లో వసారాలో వెలిగిన గుండు బల్బుకి ఎంత కరెంటు కాలేదో, మా రిగ్గు (రేడియో సెట్టు) గాల్లోకి వదిలే శక్తీ అంతే. ఆ మాత్రం దానితో ఏడు వేల కిలోమీటర్ల అవతలి మనిషితో ఎలా మాట్లాడగలుగుతున్నామో నాకు ఇక్కడే తెలిసింది. ఈ ప్రత్యేక సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు, సంస్థ మాకు నేర్పిన ఆ ఒక్క విద్య గురించే రాయాలనిపించింది.

ఎస్. సూరి గారు (ఆయన కాల్‌సైన్ వీయూ2ఎంవై) పూనుకుని 1983లో ఈ సంస్థను నిలబెట్టారు. ఆ కాలాన్ని గుర్తుచేసుకుంటే తప్ప ఆ పని విలువ తెలియదు. వేరే ఊళ్లో ఉన్న అన్నయ్యతో మాట్లాడాలంటే ట్రంకాల్ బుక్ చేసి, పూటంతా ఫోను పక్కన కాపలా కూర్చోవలసిన రోజులవి. అలాంటి రోజుల్లో, డాబా మీద తీగ కట్టుకున్న కాలేజీ కుర్రాడు ప్రపంచంతో మాట్లాడగలడని, అందుకు డబ్బుకన్నా చదువు ముఖ్యమని ఆయన నమ్మారు. రాజీవ్ గాంధీ కూడా హామే, అంటే ఔత్సాహిక రేడియో ఆపరేటరే. ఆయన కాల్‌సైన్ వీయూ2ఆర్‌జీ. ఆ రోజుల్లో దేశంలో ఈ వ్యాపకానికి వచ్చిన గౌరవంలో ఆ సంగతికీ కొంత భాగముందని నా అభిప్రాయం.

నాకు లైసెన్సు 1986లో వచ్చింది. మొదటి యాంటెన్నా 14 మెగాహెర్ట్జ్‌కి కట్టుకున్నాను. ఆ బ్యాండులో తరంగం పొడవు ఇరవై మీటర్లు. అందులో సగం, అంటే పది మీటర్ల రాగితీగ కావాలి. దాన్ని నడిమికి తెంపి రెండు రెక్కలు చేసి, మధ్యలో కేబుల్ సోల్డరింగ్ చేయాలి. పీవీసీ గొట్టం ముక్కలే ఇన్సులేటర్లు. ఒక రెక్క కొసని నీళ్లట్యాంకు కడ్డీకి, రెండోదాన్ని పక్కింటివాళ్ల వేపకొమ్మకి కట్టాను. వరంగల్లో ఉన్న మిత్రుడికి ముందే కార్డు రాసి రోజు, టైము చెప్పాను. ఆ సాయంత్రం ఆరింటికి మోర్స్ కీ మీద వేలుపెట్టి అతన్ని అరగంట పిలిచాను. జవాబు లేదు. విసిగి, ఎవరైనా సరే రమ్మని సీక్యూ కొట్టాను. ఇటలీ నుంచి ఒకాయన పలికాడు! నా సిగ్నల్ బాగా వినబడుతోందని రిపోర్టిచ్చాడు. 140 కిలోమీటర్ల దూరంలోని వరంగల్‌కి అందని చప్పుడు, ఆరు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని ఇటలీకి అందింది. మర్నాడు పరుగెత్తుకెళ్లి ఇన్‌స్టిట్యూట్‌లో పెద్దలకి చెబితే, వాళ్లు ఆశ్చర్యపోలేదు. బోర్డు మీద ఒక వంపు గీత గీసి చూపించారు.

ఆ గీత సంగతి ఇది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైనున్న పలుచని గాలిలో అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. అలా తయారైనదే అయనోస్ఫియర్. నేల నుంచి 60 కిలోమీటర్ల పైన మొదలై పొరలు పొరలుగా ఉంటుంది. అన్నిటికన్నా పైనున్నది ఎఫ్ పొర, సుమారు 250 నుంచి 400 కిలోమీటర్ల ఎత్తులో. మా హామ్‌లకి దూరదేశాలు చూపించేది అదే. మన సిగ్నల్ ఏటవాలుగా వెళ్లి దాన్ని తాకితే కొంచెం కొంచెంగా వంగి మళ్లీ నేల వైపు తిరుగుతుంది. మండువేసవిలో తారురోడ్డు మీద దూరంగా నీళ్లు మెరిసినట్టు కనిపించే ఎండమావి ఎలా పుడుతుందో, ఇదీ అలాంటి వంపే. అక్కడ వెలుతురు పైకి వంగుతుంది, ఇక్కడ రేడియో తరంగం కిందికి వంగుతుంది. ఒక్క గెంతులో నాలుగు వేల కిలోమీటర్ల దాకా పోతుంది. దిగినచోట నేలో సముద్రమో తిప్పికొడితే మళ్లీ పైకి లేస్తుంది. ఇటలీకి రెండు గెంతులు చాలు.

మరి వరంగల్ ఏం పాపం చేసింది? దగ్గరి ఊరికి దిగాలంటే సిగ్నల్ దాదాపు నిట్టనిలువునా పైకి వెళ్లి రావాలి. 14 మెగాహెర్ట్జ్ తరంగం అంత నిలువుగా వెళ్తే, చాలాసార్లు వంగదు. పొరను చీల్చుకుని అంతరిక్షంలోకి వెళ్లిపోతుంది. నేలను పట్టుకుని పాకే భాగం కొన్ని పదుల కిలోమీటర్లలోనే నీరసించిపోతుంది. ఈ రెండిటికీ మధ్య మిగిలిపోయే మూగప్రాంతాన్ని స్కిప్ జోన్ అంటాం. ఆ సాయంత్రం నా మిత్రుడు సరిగ్గా అందులో కూర్చున్నాడు. అదే పగటిపూట 7 మెగాహెర్ట్జ్‌లో పిలిచి ఉంటే పలికేవాడు. ఆ తరంగాలు నిలువుగా వెళ్లినా వంగి, గొడుగులా చుట్టూ నాలుగైదు వందల కిలోమీటర్ల మేర దిగుతాయి. మన దేశంలో హామ్‌ల నెట్లు (గాలిలో కలుసుకునే సమావేశాలు) పొద్దున్నపూట 7 మెగాహెర్ట్జ్ చుట్టూ ఎందుకు జరుగుతాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

రేడియో సిలోన్ విన్న తరానికి ఇందులో సగం చెప్పకుండానే తెలుసు. షార్ట్‌వేవ్‌లో స్టేషన్ ఒక వేళకి గుక్కపట్టినట్టు మాయమవడం, మరో వేళకి ఖంగున పలకడం, పాట మధ్యలో గొంతు అలలా లేచి కుంగడం వాళ్ల చెవులకి అలవాటే. రెండు మూడు దారుల్లో వచ్చిన తరంగాలు ఒకసారి ఒకదానికొకటి బలమై, ఒకసారి ఒకదాన్నొకటి చెరుపుకోవడం వల్ల ఆ ఎత్తుపల్లాలు. పగటివేళ మరో అడ్డంకి ఉంది. 60 నుంచి 90 కిలోమీటర్ల మధ్యనుండే డి పొర ఎండ ఉన్నంతసేపూ తక్కువ ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది. పొద్దుగూకగానే అది కరిగిపోతుంది, ఎఫ్ పొర మాత్రం రాత్రీ నిలబడుతుంది. అందుకే 7 మెగాహెర్ట్జ్ పగలు మన చుట్టుపక్కలకీ, రాత్రి ఖండాంతరాలకీ పనికొస్తుంది. వేకువన, మునిమాపున మరీ మంచి ఘడియలుంటాయి. మా పెద్దల్లో తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి రిగ్గు ముందు కూర్చునేవాళ్లు ఇందుకే. ఇంట్లోవాళ్లకి అది పిచ్చిలా కనిపించేది గానీ, అది వాతావరణం ఎరిగిన రైతు మేలుకోవడం లాంటిది.

ఈ విద్య పుట్టినది కూడా ఔత్సాహికుల చేతుల్లోనే అన్నది మనం గర్వంగా చెప్పుకోవలసిన మాట. 1901 డిసెంబర్‌లో మార్కోనీ అట్లాంటిక్ అవతల సిగ్నల్ విన్నానన్నప్పుడు, గుండ్రటి భూమి మీద అది ఎలా వంగిందో ఎవరికీ తెలియదు. మరుసటి ఏడాది కెనెలీ, హెవిసైడ్ పైన ఏదో వాహక పొర ఉండాలని ఊహించారు. 1912లో అమెరికా చట్టం ఔత్సాహికులను 200 మీటర్ల కంటే పొట్టి తరంగాలకు నెట్టేసింది. అవి దూరానికి పనికిరావని అప్పటి నమ్మకం. పనికిరానివని పారేసిన వాటితోనే ఆ కుర్రాళ్లు 1923 నవంబర్‌లో అమెరికా, ఫ్రాన్స్‌ల మధ్య మాట్లాడుకున్నారు. 1924 అక్టోబర్ 18న న్యూజీలాండ్‌లో గొర్రెల పొలం నుంచి ఫ్రాంక్ బెల్, లండన్ మిల్‌హిల్ బడి విద్యార్థి సెసిల్ గోయ్డర్‌తో మాట్లాడాడు. భూగోళానికి ఈ కొస నుంచి ఆ కొసకి! ఇంగ్లండులో ఆపిల్టన్ ఆ పొర ఎత్తు కొలిచి చూపించింది ఆ తర్వాత డిసెంబర్‌లో. ఆయనకు 1947లో నోబెల్ వచ్చింది. అదే ఏడాది కలకత్తా నుంచి శిశిర్ కుమార్ మిత్రా 'ది అప్పర్ అట్మాస్ఫియర్' అనే ఉద్గ్రంథం వెలువడింది. మన దేశంలో తొలి హామ్ అమరేంద్ర చంద్ర గుప్తూ, 1921లో గాలిలోకి వచ్చినది కూడా కలకత్తా నుంచే.

నా సొంత కథకు వస్తే, 1986లో నేను పడిన ఇంకో అవస్థ చెప్పాలి. 28 మెగాహెర్ట్జ్‌లో ఎన్ని నెలలు విన్నా సముద్రపు హోరులాంటి చప్పుడే తప్ప మనిషి అలికిడి లేదు. రిగ్గు పాడైందనుకుని విప్పాను, కాయిళ్లు మార్చాను, తీగ మార్చాను. తప్పు రిగ్గులో లేదు. సూర్యుడి మీద మచ్చలు పెరిగి తగ్గే చక్రం సుమారు పదకొండేళ్లది. 1986 అందులో అట్టడుగు. మచ్చలు తక్కువైతే ఎఫ్ పొర పలచబడుతుంది, పై బ్యాండ్లు మూసుకుపోతాయి. మూడేళ్లు ఓపిక పట్టాను. 1989లో ఒక మధ్యాహ్నం అదే రిగ్గు, అదే తీగ, అదే 28 మెగాహెర్ట్జ్ సంతలా ఉంది. పది వాట్లకి తగ్గించి పిలిచినా దక్షిణాఫ్రికా పలికింది. ఆ రోజు నుంచి నేను పవరు గురించి ఎవరితోనూ వాదించలేదు.

ఈ ఓపిక, ఈ వేళల లెక్క ఎందుకు అక్కరకొస్తాయో 2004 డిసెంబర్‌లో తెలిసింది. భారతి ప్రసాద్ గారి నాయకత్వంలో మన ఇన్‌స్టిట్యూట్ జట్టు పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి, డిసెంబర్ 3 నుంచి వీయూ4ఆర్‌బీఐ అనే కాల్‌సైన్‌తో పలకసాగింది. అండమాన్ నుంచి హామ్‌లు వినబడి ఏళ్లు గడిచిపోవడంతో ప్రపంచం నలుమూలల నుంచీ ఆ ఒక్క స్టేషన్ కోసం బారులు తీరారు. 26 ఉదయం భూకంపం, వెనకే సునామీ. ఫోన్లు మూగబోయాయి. సరదాకి తెచ్చిన రిగ్గులే అక్కడి పాలనా యంత్రాంగానికి చెవులూ నోరూ అయ్యాయి. కార్ నికోబార్‌కీ హామ్‌లు వెళ్లారు. ఫలానావాళ్లు క్షేమం అన్న ఒక్క ముక్క కోసం దేశమంతా ఎదురుచూస్తున్న కుటుంబాలకు ఆ కబుర్లు చేరాయి.

పోర్ట్‌బ్లెయిర్ నుంచి హైదరాబాద్‌కి సుమారు 1,650 కిలోమీటర్లు. ఎఫ్ పొర మీదుగా ఒకే గెంతు. మధ్యలో కూలడానికి టవరు లేదు, తెగడానికి కేబుల్ లేదు. ఉన్నదల్లా బంగాళాఖాతం, దాని మీద ఆకాశం. ఆ జట్టు అప్పటికే మూడు వారాలుగా రాత్రింబవళ్లు గాలిలో ఉంది. ఏ గంటకి ఏ బ్యాండు ఎటు తెరుచుకుంటుందో వాళ్ల చేతికి అలవాటైపోయింది. అన్ని రోజుల ఆటే ఆ ఉదయం పనికొచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను. ఆపత్కాలంలో సేవ పేరుతో పెట్టెలు కొని బీరువాలో దాచుకుంటే ఆ అలవాటు రాదు. 2014లో హుద్‌హుద్ తుఫాను దెబ్బకి విశాఖలో సెల్‌ఫోన్లు మూగబోయిన రోజు తలుచుకోండి. అక్కడి నుంచి హైదరాబాద్ ఐదు వందల కిలోమీటర్లు. పగలు 7 మెగాహెర్ట్జ్‌తో పలికించాల్సిన దూరమది. ఆ సంగతి తుఫాను రోజున పుస్తకం తిరగేసి నేర్చుకోలేం.

ఎఫ్ పొరను నమ్ముకోకుండా దూరం దాటే దారి కూడా మన ఆంధ్ర తీరం నుంచే లేచింది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ6 మోసుకెళ్లిన హామ్‌శాట్ ఉపగ్రహం దాదాపు తొమ్మిదేళ్లు ప్రపంచ హామ్‌లందరికీ పనిచేసింది. అతిహెచ్చు ఫ్రీక్వెన్సీలు పొరను చీల్చుకుని పోతాయి కనుకే ఉపగ్రహాన్ని చేరతాయి. కానీ అది తల మీదుగా పోయే కొద్ది నిమిషాలే మాట. ఎఫ్ పొర ఎవరూ ప్రయోగించనక్కర్లేనిది, ఎప్పుడూ ఉండేది.

ఇప్పటి సంగతి చెప్పి ముగిస్తాను. ప్రస్తుత సూర్యచక్రం 2019 డిసెంబర్‌లో మొదలైంది. అది ఉచ్చదశకు చేరిందని 2024 అక్టోబర్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. 1989లో నేను విన్న సంత మళ్లీ వినిపించే కాలమిది, తగ్గుముఖం పట్టాక మళ్లీ ఏళ్ల తరబడి ఆగాలి. మన దగ్గర చదువుకుని, లైసెన్సు తెచ్చుకుని, ఉద్యోగాల్లో పడి రిగ్గు అటకెక్కించినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. మీకు నా విన్నపం ఒకటే. 28 మెగాహెర్ట్జ్‌కి ఒక్కో రెక్క రెండున్నర మీటర్లు చాలు, అపార్ట్‌మెంట్ బాల్కనీలోనూ పడుతుంది. లైసెన్సు గడువు తీరితే రెన్యూవల్‌కి దరఖాస్తు పెట్టండి. ఇంట్లో పన్నెండేళ్లు నిండిన పిల్లలుంటే పరీక్షకు వాళ్లనూ కూర్చోబెట్టండి. లైసెన్సు చేతిలో ఉన్నవాళ్లు ఈ ఆదివారమే తీగ కట్టి, మధ్యాహ్నం మీ కాల్‌సైన్‌తో ఒక్కసారి సీక్యూ పిలవండి.