ఒంటరి బోర్డు ఆటలు: కథాప్రధాన శాఖ

ఒక్కరే కూర్చుని, పటం, కార్డులు, పాచికలు, కథాపుస్తకం సాయంతో ఒక కథను నడుపుకుంటూ ఆడే బోర్డు ఆటలు. ఎదురుగా మరో ఆటగాడు ఉండడు. ఆ స్థానంలో ఒక కార్డుల కట్ట గానీ, పాచిక పడినదాన్ని బట్టి చూసుకునే పట్టిక గానీ, అంకెలు వేసిన పేరాల పుస్తకం గానీ ఉంటుంది. పేకముక్కల పేషెన్స్, బ్రెయిన్‌విటా కూడా ఒంటరి ఆటలే. వాటిలో కథ లేదు కనుక ఇక్కడ వాటిని వదిలేశాం. ఈ ఆటలను తొందర లేకుండా, ఒక్కో కథను వారాల తరబడి సాగనిస్తూ ఆడే పద్ధతి మీదే ఈ వ్యాసంలో ఎక్కువ దృష్టి పెట్టాం. సింగపూర్‌లోని తంజోంగ్ పగార్ పరిసరాలను ఉదాహరణకు తీసుకున్నాం.

పూర్వరూపాలు

దక్షిణాదిలో ఒంటరి ఆటకు కథ తోడైన పాత ఉదాహరణగా సీతాపాండిని చెప్పుకోవచ్చు. తెలుగువారి వామనగుంటలకు దగ్గరి చుట్టమైన తమిళ పల్లాంగుళిలో ఇది ఒక్కరే ఆడే రకం. అశోకవనంలో సీత పొద్దుపుచ్చడానికి ఆడిన ఆట అని జనశ్రుతి. వాల్మీకి రామాయణంలో ఆ ముచ్చట లేదు. ఆడే తీరు మీద ఒకటికి మించిన వివరణలున్నాయి. ఎక్కువగా వినిపించేదాని ప్రకారం గుంటల్లో వరుసగా ఏడు, ఆరు, ఐదు, ఇలా ఒకటి దాకా గింజలు పోస్తారు. మొదటి గుంటలోని ఏడింటినీ తీసి ముందున్న గుంటల్లో ఒక్కొక్కటిగా పంచుతారు. పంచడం పూర్తయ్యేసరికి అదే ఏడు, ఆరు, ఐదుల వరుస ఒక్క గుంట ముందుకు జరిగి మళ్లీ ప్రత్యక్షమవుతుంది. 28 గింజలు, 14 గుంటలు ఉంటే ఈ వరుస ఎన్ని చుట్లు తిరిగినా చెదరదు. ఈ ఆటలో గెలుపోటములు ఉండవు, అది దానంతట అది ఆగేదీ లేదు. కథ కల్పితమే కావచ్చు గానీ, విడుదల ఎప్పుడో తెలియని మనిషికి ఈ ఆటను అంటగట్టినవారి ఎంపిక మాత్రం బాగుంది.

రెండో ఉదాహరణ వైకుంఠపాళి, అంటే పరమపద సోపాన పటం. ఇది ఒంటరి ఆటగా పుట్టింది కాదు. ముక్కోటి ఏకాదశికి, శివరాత్రికి జాగారం చేసేవాళ్లు నిద్ర పట్టకుండా గవ్వలు వేసుకుంటూ ఆడేది. ఆట తెల్లవారేదాకా సాగాలి కనుక, నిచ్చెన ఎక్కినవాణ్ని పెద్ద పాము మింగి కిందికి దించడం వల్ల ఆటకు వచ్చిన నష్టమేమీ లేదు. గడుల సంఖ్య అచ్చును బట్టి మారుతుంది. ఉత్తరాది వైష్ణవ పటాల్లో 72, జైన పటాల్లో 84 గడులున్నవి ఎక్కువగా కనిపిస్తాయి. తెలుగు పటాలు వీటికన్నా పెద్దవి. పుట్టుక విషయంలో ఏకాభిప్రాయం లేదు. 13వ శతాబ్దపు మరాఠీ సంతకవి జ్ఞానదేవుడు దీన్ని కల్పించాడనే మాట చాలా పుస్తకాల్లోకి ఎక్కింది. అయితే ఇప్పుడు మిగిలి ఉన్న పాత పటాలు ఎక్కువగా 18వ శతాబ్దానివి, ఆ తర్వాతివి. ఈ పటాలను వెతికి పరిశీలించిన ఆండ్రూ టాప్స్‌ఫీల్డ్ వ్యాసాలు చదివాక జ్ఞానదేవుడి కథను భక్తుల సంప్రదాయంగా చెప్పుకోవడమే క్షేమం అనిపిస్తుంది. 1890లలో ఇంగ్లండులో అచ్చయిన పాములు–నిచ్చెనల ఆటలో గడుల పేర్లు రాలిపోయాయి. చివరికి నూరు అంకెలే మిగిలాయి.

కథాప్రధాన ఆటలకు వైకుంఠపాళి వంశకర్త కాదనే వాదన ఉంది. ఆటగాడు నిర్ణయించేది ఏమీ లేదు, అంతా గవ్వల దయ అని ఆ వాదన చేసేవారి ఆక్షేపణ. ఆ మాట నిజమే. అయినా 1970లలో హరీశ్ జోహరి ఇంగ్లీషులో వెలువరించిన ‘లీల’ను చూస్తే బంధుత్వం తోసిపుచ్చలేనిది. 72 గడుల పటం. ఆరు పడితేనే ఆటలో పుట్టుక. చేరవలసింది 68వ గడి. ఏ గడిలో దిగితే ఆ గడికి రాసిన వ్యాఖ్యానం తెరిచి చదువుకోవాలి, తన బతుకుతో పోల్చి చూసుకోవాలి. గడిలో దిగి, అంకె చూసి, పుస్తకం తెరవడమనే ఈ పద్ధతే పడమటి కథాక్రీడలకూ మూలస్తంభం. ఒకదాన్ని చూసి మరొకటి పుట్టిందనడానికి ఆధారం లేదు. రెండుచోట్లా విడివిడిగా తట్టి ఉంటుందనుకోవడమే సబబు.

ఆధునిక ఆవిర్భావం

తొలి ఆట ఏదన్న దానిపై మూడు వాదాలున్నాయి. రిక్ లూమిస్ రాసిన ‘బఫెలో కాజిల్’ (1976) మొదటిదని కొందరంటారు. అది పాత్రపోషణ ఆటకు తోడుగా వచ్చిన ఒంటరి సాహసపు పుస్తకం, అందులో పటం మీద పావులు నడిచేది లేదు. 1982లో స్టీవ్ జాక్సన్, ఇయన్ లివింగ్‌స్టన్ రాసిన ‘ద వార్‌లాక్ ఆఫ్ ఫైర్‌టాప్ మౌంటెన్’, దానితో మొదలైన ఫైటింగ్ ఫాంటసీ పుస్తకాలు ఈ దారినే రాజమార్గం చేశాయి. రెండో వాదం ‘బి–17, క్వీన్ ఆఫ్ ద స్కైస్’ది. 1981లో చిన్న సంస్థ నుంచి వచ్చి, 1983లో అవలాన్ హిల్ చేతికి వెళ్లింది. ఒక బాంబర్ విమానం, పదిమంది సిబ్బంది, 25 దాడులు పూర్తిచేసి బతికి బయటపడటమే కథ. పాచికలు వేసి పట్టికలు చూసుకోవడమే ఎక్కువ. ఆడేవారు సిబ్బందికి పేర్లు పెట్టుకుంటారు. పదిహేడో దాడిలో వెనక తుపాకి దగ్గర కూర్చున్నవాడు పోతే మనసు చివుక్కుమంటుంది. ఆ కథ పెట్టెలో దొరకదు, ఆడేవారి తలలో తయారవుతుంది.

మూడో వాదమే ఈ వ్యాసానికి సమ్మతం. ఎరిక్ లీ స్మిత్, జాన్ బటర్‌ఫీల్డ్ రూపొందించగా 1983లో విక్టరీ గేమ్స్ తెచ్చిన ‘ఆంబుష్!’లో పటం, పావులు, పేరాల పుస్తకం మొదటిసారి ఒక్క చోట చేరి, ఒకటి లేక మరొకటి నడవని స్థితికి వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఒక చిన్న అమెరికన్ దళాన్ని ఆటగాడు నడిపిస్తాడు. సైనికుడు ఒక గడిలోకి అడుగు పెట్టగానే, సన్నని కిటికీ కోసిన అట్టతొడుగులోని కార్డును జరిపి ఆ గడికి సంబంధించిన అంకె చూసుకోవాలి. పక్క గడుల సంగతి కంటపడకుండా తొడుగు దాచి ఉంచుతుంది. పొదల వెనక ఏముందో ఆడేవాడికీ తెలియదు. ప్రత్యర్థి లేకుండానే రహస్యం నిలబెట్టడం దీని ఘనత.

అదే దశకంలో వచ్చిన మరో రెండింటిని చెప్పి ముందుకు వెళ్లాలి. 1981 నాటి ‘షెర్లాక్ హోమ్స్ కన్సల్టింగ్ డిటెక్టివ్’ 1985లో జర్మనీ వారి ‘ష్పీల్ డెస్ యారెస్’ బహుమతి అందుకుంది. పాచికలు లేవు, గడియారం లేదు. లండన్ పటం, చిరునామాల పుస్తకం, ఆనాటివన్నట్టు కూర్చిన వార్తాపత్రికలు ఉంటాయి. ఎరిక్ గోల్డ్‌బర్గ్ ‘టేల్స్ ఆఫ్ ది అరేబియన్ నైట్స్’ (1985)లో కథాపుస్తకమే ఆటకన్నా పెద్దది. 2009 కూర్పులో పేరాలు 2,000 దాటాయి.

నెమ్మది ఎక్కడ ఉంది

ఈ ఆటల నెమ్మది ఆడేవారి స్వభావం వల్ల వచ్చిందని సాధారణంగా రాస్తుంటారు. అది సగం నిజమే. నలుగురు ఆడేటప్పుడు ఒకడు ఆలోచిస్తూ కూర్చుంటే మిగతా ముగ్గురూ విసుక్కుంటారు. ఒంటరి ఆటలో ఆ ఒత్తిడి ఎలాగూ ఉండదు. అసలు సంగతి ఆట కట్టుబడిలో ఉంది. ఆట ఆపడానికి వీలు, ఆపినచోటి నుంచి ఎత్తుకోవడానికి గుర్తులు, మధ్యలో జరిగినదాన్ని మోసుకుపోయే దస్త్రం, ఈ మూడూ ఉన్న ఆట నెమ్మదిని భరిస్తుంది. లేనిదాన్ని ఎంత ఓపికమంతుడైనా ఒక్క కూర్చోవడంలో తేల్చేయాల్సిందే.

2017లో వచ్చిన ఫ్రెంచి ఆట ‘ద సెవెంత్ కాంటినెంట్’ దీనికి మంచి సాక్ష్యం. లూడొవిక్ రూది, బ్రూనో సోటర్ రూపకర్తలు. ఆట నిడివి 5 నుంచి 1,000 నిమిషాలని ప్రకటించారు. నిలిపేటప్పుడు నిలబడి ఉన్న చోటి కార్డును గుర్తుంచుకుని, చేతిలోని కార్డులను వేరుగా భద్రపరిచి, చుట్టూ పరిచిన నేలనంతా పెట్టెలో సర్దేస్తారు. మళ్లీ తీసినప్పుడు ఆ ఒక్క కార్డు నుంచి నేల తిరిగి పరుచుకుంటుంది. అంతకు ముందు తిరిగిన దారి బల్ల మీద ఉండదు, జ్ఞాపకం ఉంటే ఉన్నట్టు. అందుకే చాలామంది పక్కన నోటుపుస్తకం పెట్టుకుని సొంతంగా పటం గీసుకుంటారు. ‘ఆర్కమ్ హారర్’ కార్డు ఆట (2016) ఇందుకు భిన్నం. ఒక్కో అధ్యాయం గంటా రెండు గంటల్లో ముగుస్తుంది. పాత్రకు తగిలిన గాయం, వదులుకున్న మిత్రుడు, చేసిన తప్పుడు నిర్ణయం దస్త్రంలోకి ఎక్కి తర్వాతి అధ్యాయాన్ని ఇబ్బంది పెడతాయి. నెలకో అధ్యాయం ఆడినా కథ చెడదు. ర్యాన్ లౌకట్ ‘స్లీపింగ్ గాడ్స్’ (2021)లో బోర్డు బదులు అట్లాసు ఉంటుంది. 1929లో తెలియని సముద్రంలో చిక్కుకున్న మాంటికోర్ అనే ఓడ పేజీ నుంచి పేజీకి సాగుతుంది.

తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించేది ‘నీమోస్ వార్’ (2009). రూపకర్త క్రిస్ టేలర్. ఆటగాడు నాటిలస్ జలాంతర్గామి నాయకుడు నీమో. ఇరవై వేల లీగుల కథలో ఊరూపేరూ లేని ఈ నీమో బుందేల్‌ఖండ్ యువరాజు డక్కర్ అని, టిప్పు సుల్తాను బంధువని జూల్ వెర్న్ తర్వాతి నవల ‘ద మిస్టీరియస్ ఐలాండ్’లో బయటపెట్టాడు. ఆట మొదట్లోనే నీమో ఉద్దేశం ఎంచుకోవాలి: అన్వేషణ, విజ్ఞానం, యుద్ధం, సామ్రాజ్యవాద వ్యతిరేకత. ఎంచుకున్నదాన్ని బట్టి ఆఖరి లెక్క మారుతుంది. నాలుగో ఉద్దేశాన్ని 1857 తిరుగుబాటు గుర్తున్న వాళ్లు ఆడితే వేరే రుచి.

తంజోంగ్ పగార్ పరిసరాలు

ఇది నౌకాశ్రయం పక్కన పెరిగిన పాత పేట. 1864లో ఏర్పడ్డ తంజోంగ్ పగార్ డాక్ కంపెనీతో దీని పేరు స్థిరపడింది. 1989లో ఇక్కడి పాత దుకాణపు ఇళ్లను సంరక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 2009లో పూర్తయిన పినకిల్ ఎట్ డక్స్‌టన్ ఏడు టవర్లు, 50 అంతస్తులు, 1,848 ఫ్లాట్లతో పేటకు కొత్త ముఖం తెచ్చింది.

పరిసరాల్లో బహిరంగంగా కనిపించే ఆట చైనా చదరంగం. కాస్త నడిస్తే వచ్చే క్రెతా అయర్ కూడలిలో వృద్ధులు బల్లల చుట్టూ మూగి ఆడుతుంటారు. ఆడేది ఇద్దరు, ఎత్తులు చెప్పేది మిగతావాళ్లంతా. ప్రభుత్వ గృహసముదాయాల కింద ఖాళీ అంతస్తులోనూ గళ్లు గీసిన సిమెంటు బల్లలు వేయడం ఆనవాయితీ. గుంటల ఆటల్లో మలయులకు చొంకక్, తమిళులకు పల్లాంగుళి ఉన్నాయి. ఒంటరి కథాక్రీడ మాత్రం ఇంటిలోపలి వ్యవహారం. 2000ల మధ్యకాలం నుంచి నగరంలో వెలసిన బోర్డు ఆటల కఫేలు దీనికి పెద్దగా పనికిరాలేదని చెప్పవచ్చు. గంటల లెక్కన డబ్బు తీసుకుని, వెళ్లేటప్పుడు బల్ల ఖాళీ చేయమనే చోట వారాల కథ నిలవదు.

2020 ఏప్రిల్ 7 నుంచి జూన్ 1 వరకు సాగిన ‘సర్క్యూట్ బ్రేకర్’ కాలంలో వేరే ఇంటివారిని కలవడమే నిషిద్ధం. 2021 మే 16 నుంచి గుంపు పరిమితిని మళ్లీ ఇద్దరికి కుదించారు. నలుగురి ఆటలకు అలవాటుపడ్డవారు ఒంటరి నియమాలు ఉన్న పెట్టెల వైపు చూసింది ఆ రోజుల్లోనేనన్న అభిప్రాయం ఇతర దేశాల్లో వినిపించినట్టే ఇక్కడా వినిపిస్తుంది. కారణం అదొక్కటే అనుకోనక్కర్లేదు. అప్పటికే ‘గ్లూమ్‌హేవెన్’ (2017) వంటి 95 సన్నివేశాల పెట్టెలు ఒంటరి ఆటకు నియమాలు ఇచ్చాయి.

ఫ్లాట్లలో అసలు చిక్కు బల్ల. భోజనాల బల్ల ఒక్కటే ఉన్న ఇంట్లో పరిచిన పటాన్ని రాత్రికి ఎత్తక తప్పదు. కొందరు పెద్ద పళ్లేల్లాంటి చెక్క ట్రేలలో ఆట పరిచి, అలాగే మంచం కిందికి తోసేస్తారు. ఎత్తే పని తేలికగా ఉన్న ఆటే చివరకు ఇంట్లో నిలుస్తుంది. రెండో చిక్కు గాలి. ఏడాది పొడుగునా తేమ సగటున 80 శాతం పైనే ఉండే ఊళ్లో కార్డులు వంకర్లు పోతాయి. ప్లాస్టిక్ తొడుగులు, సిలికా జెల్ పొట్లాలు ఇక్కడ అలంకారం కాదు. మూడోది సుంకం. విదేశాల నుంచి తెప్పించే 400 డాలర్ల లోపు పెట్టెలకు జీఎస్‌టీ లేని రోజులు 2023 జనవరి 1తో ముగిశాయి. 2024 నుంచి అది 9 శాతం.

1975లో స్థాపితమైన సింగపూర్ తెలుగు సమాజం వంటి సంస్థలు ఉన్నా, ఈ ఆటల వాచకం ప్రధానంగా ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్‌లలోనే. కనుక తెలుగు ఇళ్లలో వీటిని ఆడేవారు ఇంగ్లీషు పేరాలనే చదువుకుంటారు.

ఆక్షేపణలు

కథ ఒకసారి తెలిశాక పెట్టెకు విలువ పోతుందన్నది ప్రధాన ఆక్షేపణ. హోమ్స్ కేసుల విషయంలో ఇది పూర్తిగా వర్తిస్తుంది. ‘బి–17’ కథ పాచికల మీద పుట్టేది కనుక దానికి వర్తించదు. తీరికగా ఆడితే తర్కం మరచిపోతామన్న ఫిర్యాదూ ఉంది. రెండు వారాల విరామం తర్వాత నియమాలు మళ్లీ చదువుకోవడానికే అరగంట పోతుంది. దస్త్రంలో చివరి ఎత్తుతో పాటు అది ఎందుకు వేశామో కూడా ఒక వాక్యం రాసుకోవడం తప్ప దీనికి మందు లేదు. ముగించిన పెట్టెలు సింగపూర్‌లో ఎక్కువగా 2012లో అక్కడే పుట్టిన కరౌసెల్ వంటి సెకండ్ హ్యాండ్ వేదికల ద్వారా చేతులు మారతాయి. స్టిక్కర్లు అతికించి ఆడే గ్లూమ్‌హేవెన్‌కు ఆ అవకాశం తక్కువ. అందుకే ఊడదీయగల స్టిక్కర్ల కట్ట విడిగా అమ్ముతారు.