ఫిబ్రవరిలో మన తేదీలు మూడు



ఫిబ్రవరి అంటే కాలేజీలో ప్రాక్టికల్సు, ఫీజులు, ప్రేమికుల రోజు. 28 రోజుల చిన్న నెల. కానీ అనంతపురం తండాల పిల్లలమైన మనకి ఈ నెలలో గుర్తుపెట్టుకోవాల్సిన తేదీలు మూడున్నాయి.

మొదటిది 15. సంత్ సేవాలాల్ మహరాజ్ 1739 ఫిబ్రవరి 15న పుట్టాడని మన పెద్దలు చెప్తారు. పుట్టింది ఎక్కడో కాదు, మన గుత్తి దగ్గరే అని కూడా అంటారు. చెర్లోపల్లి పక్కనున్న సేవాగఢ్‌కి ఈ రోజున ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రల నుంచి జనం వస్తారు. తెల్ల జెండా ఎత్తుతారు, భోగ్ భండారో చేస్తారు. అదే 1739లో, అదే ఫిబ్రవరి 24న నాదిర్ షా కర్నాల్ దగ్గర మొగల్ సైన్యాన్ని ఓడించాడు. ఆ యుద్ధం మనం పరీక్షల కోసం చదివాం. సేవాలాల్ గురించి మాత్రం తండాలో పాటల్లోనే విన్నాం.

నిజానికి ఆ రాజుల యుద్ధాలు కూడా మనోళ్లు లేకుండా నడవలేదు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగిన లదేణి మనది. 1792 ఫిబ్రవరిలో కారన్‌వాలిస్ శ్రీరంగపట్నాన్ని ముట్టడించినప్పుడు ఆయన సైన్యానికి తిండిగింజలు మోసింది బంజారాలే. తర్వాత రోడ్లు, రైళ్లు వచ్చాయి. ఎద్దు మోసేది బండి మోసింది. లదేణి ఆగిపోయింది. పైగా 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్త జాతుల చట్టం తెచ్చారు. తిరిగి బతికే జాతులెన్నిటికో పుట్టుకతోనే దొంగలని ముద్ర పడింది. మన ఎరుకల అన్నదమ్ములూ ఆ బాధ పడ్డారు. ఆ చట్టం పోయింది 1952లో. ముద్ర మాత్రం అంత తొందరగా పోలేదు.

రెండో తేదీ 2. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ మన జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలుపెట్టారు. ఆ రోజు దేశంలో 200 జిల్లాల్లో అది మొదలైంది. అడిగిన కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పనిని అప్పటి చట్టం హక్కుగా ఇచ్చింది. మన అమ్మానాన్నలు దాన్ని 'కరువు పని' అనే అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. వానలు తక్కువ, వేరుశనగ తప్ప వేరే దిక్కు లేదు, ఆ పంట అయిపోతే ఫిబ్రవరికి చేతిలో పనుండదు. అందుకే తండాకి తండా సుగ్గికి పోతుంది. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికో, బెంగళూరు కట్టడం పనికో. పిల్లోళ్లు కూడా వెంట పోతారు, బడిలో హాజరు పడదు. దగ్గర్లో పని దొరికిన ఏడు ఆ ఇంటి పిల్లోడు బడిలో ఉంటాడు. మనలో ఇంట్లో మొదట కాలేజీ మెట్టెక్కిన వాళ్లు ఎంతమంది ఆ పని దినాల వల్ల నిలబడ్డామో ఎవరికి వాళ్లం ఆలోచించుకోవాలి.

మూడోది 21, మాతృభాషా దినం. 1952లో ఆ రోజున ఢాకాలో బెంగాలీ భాష కోసం విద్యార్థులు ప్రాణాలిచ్చారు. వాళ్లూ మన వయసు వాళ్లే. మన గోర్ బోలికి సొంత లిపి లేదు. హాస్టల్లో మాట్లాడితే నవ్వేవాళ్లున్నారు. మన చరిత్రంతా యాడీల పాటల్లో, తాతల నోళ్లలో ఉంది. ఒక ముసలామె పోతే ఆమెతోపాటు ఎన్ని పాటలు పోతాయో లెక్క లేదు.

అందుకే ఈ ఫిబ్రవరిలో ఊరికి పోయినప్పుడు ఒక పని చేద్దాం. మీ తాత వాళ్ల తాత ఏ దారిన ఎద్దులు తోలాడో, ఏ కరువుకి ఎక్కడికి పోయారో అడగండి. గోర్ బోలిలో చెప్పింది చెప్పినట్టే తెలుగు అక్షరాల్లో రాసి ఇక్కడ పెట్టండి. ఎరుకల, యానాది, చెంచు మిత్రులు వాళ్ల ఇళ్లలోవి రాయండి. పుస్తకాల్లో మన పేజీ ఎవరో వచ్చి రాస్తారని కూర్చుంటే అడగడానికి తాతలు మిగలరు.

జై సేవాలాల్.