వీధిబడిలో చరిత్రయు ప్రభుత్వమును

మన బడిపిల్లలకు చరిత్రమును, ప్రభుత్వవిషయములను బోధించుట ఆంగ్లేయుల పాలనలోనే మొదలైనదని సాధారణముగా చెప్పుదురు. పాఠముల పేర్లను బట్టి చూచినచో ఈ మాట సత్యమే. వీధిబడిలో చరిత్రమను పేరుగల పాఠము లేదు. పౌరశాస్త్రమను మాట అసలే లేదు. అయితే బడి విడిచిన బాలునికి గతమును గూర్చియు, దొరతనమును గూర్చియు ఏమి తెలిసియుండెనని ప్రశ్నించుకొన్నచో సమాధానము మాఱును. ఈ వ్యాసమున మేము ముఖ్యముగా ఒక్క నివేదికను ఆధారముగా గొని ఈ ప్రశ్నను పరిశీలింప నెంచితిమి.

1822లో మదరాసు గవర్నరు సర్ తామస్ మన్రో బడుల వివరములు సేకరింపుడని కలెక్టర్ల నాజ్ఞాపించెను. బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823 ఆగస్టులో పంపిన సమాధానము మిక్కిలి విపులమైనది. 1816లో తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున ప్రకటించిన కాంబెలే ఈయన. కావున బడిలో వినవచ్చు భాషను గూర్చి ఆయన మాట నమ్మదగినది. నేటి అనంతపురము సీమ అప్పుడు బళ్లారి జిల్లాలోనిదే. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. బాలికలు 60 మంది మాత్రమే.

ఇసుకలో అక్షరములు దిద్దిన పిదప బాలుడు మనుష్యుల పేర్లు, ఊళ్ల పేర్లు వ్రాయుట నేర్చుకొనును. పిమ్మట ఎక్కములు, లెక్కలు, తూనికలు, కొలతలు. ఇంతవఱకు ఎల్లరెఱిగినదే. తరువాతి విషయము ముఖ్యము. పంతులు పలుచోట్లనుండి సంపాదించిన సర్కారు కాగితములను, ఇతర జాబులను పిల్లలముందుంచి, వివిధములైన చేవ్రాతలను చదివించుచుండెను. మామూలు జాబులు, ఒడంబడికలు వ్రాయించుచుండెను.

గొలుసుకట్టు వ్రాతను చూచినవారికి ఈ యభ్యాసము విలువ తెలియును. కలమెత్తకుండ అక్షరమునకక్షరమును ముడివేసిన ఆ వ్రాతను అచ్చుపుస్తకము మాత్రమే చదివినవాడు విప్పలేడు. నేటి పరిశోధకులే పాత కవిలెలముందు తడబడుదురు. దానిని చదువగలవాడు తన తండ్రి పేర శిస్తు ఎంత వ్రాసిరో చూచుకొనగలడు. ప్రభుత్వమనగా ఏమో ఆ బాలునికెవరును నిర్వచించి చెప్పలేదు. దాని కాగితము మాత్రము అతని చేతికిచ్చిరి.

గతజ్ఞానము పురాణకథలుగా వచ్చెను. రామాయణ, భారత, భాగవతములు అన్ని బడులలోను చదువబడుచుండెను. చేతిపనులవారి పిల్లలకు వానికి తోడు విశ్వకర్మపురాణము, లింగాయతుల పిల్లలకు తమ మతగ్రంథములు. ఇది కాలక్రమమెఱుగని చరిత్ర. బాలుడు గతమును తనదిగా తలచును. పొరుగువాని గతము మాత్రమతనికి తెలియదు. కంఠస్థమైన పద్యముల యర్థము గురుశిష్యులకు తెలియదని కాంబెల్ ఆక్షేపించెను. దీనిని త్రోసిపుచ్చుటకు మాకు కారణము కానరాదు. వీధిబడిని స్వర్ణయుగముగా వర్ణించువారు ఆ 60 సంఖ్యనుకూడ గమనింపవలెను.

1854 నాటి వుడ్ విద్యాపత్రము తరువాత సహాయద్రవ్యము, పరీక్షలు, అచ్చుపుస్తకములు వ్యాపించెను. కాలక్రమముగల చరిత్ర బడిలో చోటు చేసికొనెను. ఇది నిజమైన లాభము. (1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికామండలి కృషి వేఱొక వ్యాసమునకు తగినది.) ప్రభుత్వబోధ మాత్రము తలక్రిందులయ్యెను. 1897లో లీ వార్నరు భారతీయ పాఠశాలలకై వ్రాసిన ‘ది సిటిజన్ ఆఫ్ ఇండియా’ ఇందుకు తార్కాణము. అందు ప్రభుత్వము వర్ణింపబడును, దాని మేళ్లు చెప్పబడును. విద్యార్థి విని విధేయుడు కావలెను. కాగితము బడినుండి వెడలి కరణము చేతనే నిలిచెను.

2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రము పౌరశాస్త్రమునకుగల ఈ వలసపాలన మూలమును ఎత్తిచూపినది. సమాచారహక్కు చట్టమును ఆ యేడే వచ్చినది. గ్రామసభకు రాజ్యాంగమున స్థానమిచ్చిన 73వ సవరణ అంతకుముందే, 1993లో, అమలైనది. పంచాయతి లెక్కలడిగి చూచు హక్కు పౌరునకిట్లు లభించినది. చూచిన కాగితమును చదువు నేర్పు ఏ పాఠమువలన లభించును? రాజ్యాంగప్రవేశికను అప్పజెప్పు బాలుడు ఐదవ తరగతి ముగియులోపల తన యూరి గ్రామసభ తీర్మానమునో, ఇంటిపన్ను రసీదునో, పట్టాదారు పాసుపుస్తకమునో బడిలో ఒకమారైన చదువవలెనని మా యభిప్రాయము. ఇందు తెలుగుశాఖలకును పని కలదు. కరణీకము 1984లో రద్దైనను అడంగలు, పహాణి, జమాబంది మొదలగు మాటలు పోలేదు. వానికి పిల్లలు చదువదగిన చిన్న పదకోశమును కూర్చుట మొదట చేయదగిన పని.