యతీంఖానా గడప దాటినాక

మన సిద్దిపేట నుండి హైదరాబాదు పోయినవారు నాంపల్లి స్టేషను దగ్గర అనీసుల్ గుర్బా పేరు వినే ఉంటారు. బీదల నేస్తమని దాని అర్థం. నిజాం కాలపు యతీంఖానా అది. 1901లో విక్టోరియా రాణి చనిపోయినాక, ఆమె పేరిట సరూర్‌నగర్ మహలులో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ మరో అనాథాశ్రమం పెట్టించినారు. కూడు, గుడ్డ, బడి - అంతవరకు పెద్దలు ఆలోచించినారు. మరి పద్దెనిమిదేళ్ళు నిండి పెట్టె సర్దుకున్న పిల్లవాడు ఎటు పోవాలె? కాలేజీ చదువు మొదలయ్యేది అప్పుడే గదా!

ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వం అనాథలను వెనుకబడిన తరగతుల ‘ఎ’ గ్రూపులో చేర్చింది. ఆ గ్రూపుకు 7 శాతం సీట్లు. కులమేదో తెలియని బిడ్డకు ఇది పెద్ద ఆసరా. మా ఉపాధ్యాయుల్లోనే చాలామందికి ఈ సంగతి తెలియదు, ఏం చెప్పాలె! కాని షరతులున్నవి. పదేళ్ళలోపే తల్లిదండ్రులు పోయి ఉండాలె, సర్కారు గుర్తించిన ఆశ్రమంలోనో బడిలోనో చేరి ఉండాలె. పదకొండో ఏట దిక్కులేనివాడైతే లెక్కకు రాడు. ఖాలా ఇంట్లో పెరిగిన పిల్లా రాదు.

2015 బాలల న్యాయ చట్టం 46వ సెక్షను, పద్దెనిమిది నిండి ఆశ్రమం విడిచినవారికి ఆర్థిక సాయం చేయవచ్చునన్నది. ఇది ఇరవై ఒకటి వరకు, అవసరమైతే మరి రెండేళ్ళు. డిగ్రీకి సరిపోతుంది, డాక్టరీకి చాలదు.

2016లో సిద్దిపేట జిల్లా అయినాక ఈ పనులకు సంగారెడ్డి తిరిగే బాధ తప్పింది. మన మొహల్లాలో ఆశ్రమంలో పెరిగి ఇంటర్ చదివే పిల్లలుంటే, ఆశ్రమంలో చేరిన నాటి కాగితం భద్రంగా ఉన్నదా అని ఇప్పుడే అడగండి. సీటు ఫారాలు వచ్చినాక వెతికితే దొరకదు.