షుగరు చీటీలో కంటి గడి

మధుమేహం వల్ల రెటీనా దెబ్బతినే జబ్బు తొలి ఏళ్లలో ఏ బాధా పెట్టదు. కంటి వెనక పొరలోని సన్నటి రక్తనాళాలు ఉబ్బి, కారి, మూసుకుపోతున్నా చూపు మామూలుగానే ఉంటుంది. మసక మొదలయ్యేసరికి చాలామందిలో జబ్బు ముదిరిపోయి ఉంటుంది. అప్పుడు లేజరుతోనో, కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లతోనో ఉన్న చూపును నిలబెట్టుకోవాల్సిందే తప్ప పోయిన చూపు పూర్తిగా తిరిగి రావడం అరుదు. నొప్పి లేనివాడికి ఆసుపత్రి గుర్తు రాదు. ఫలానా మనిషికి షుగరు ఉంది, ఏడాదిగా కన్ను చూపించుకోలేదు, పిలిపించండి అని గుర్తు చేయాల్సింది ఆసుపత్రి రికార్డే. కడప జిల్లాలోని జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతంలో అలాంటి రికార్డు వైపు నడక నూరేళ్ల కిందటి కాగితాలతో మొదలైంది.

జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీ వైద్యుడు విన్సెంట్ క్యాంప్‌బెల్ 19వ శతాబ్దం చివర్లో పని మొదలుపెట్టారు. ఆయన పేరు మీదే అక్కడి క్యాంప్‌బెల్ ఆసుపత్రి నిలిచింది. అప్పటి ఆసుపత్రుల్లో పెద్ద రిజిస్టరు బల్ల మీద ఉండేది, చీటీ రోగి చేతికి వెళ్లేది. చీటీ పోతే జబ్బు చరిత్రా పోయినట్టే. కంటి వైద్యమంటే ప్రధానంగా శుక్లాలే. కంటి లోపలి పొరను చూసే పరికరాన్ని జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ 1851లోనే తయారు చేసినా, షుగరు వల్ల వచ్చే మార్పులను కనిపెట్టి వైద్యుడు చేయగలిగింది చాలాకాలం ఏమీ లేదు. లేజరుతో చూపు నిలుస్తుందని అమెరికాలో జరిగిన పెద్ద పరీక్ష 1976లో తేల్చింది. ముందుగా పట్టుకుంటే లాభం ఉందన్న రుజువు దొరికింది అప్పుడే.

సరిగ్గా అదే ఏడాది భారత ప్రభుత్వం జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో లెక్కంతా శుక్లాల ఆపరేషన్లది. పల్లెల్లో గుడ్డితనానికి మొదటి కారణం అదే కాబట్టి అది తప్పు కాదు. కానీ కంటి లెక్కల పుస్తకంలో షుగరు మాట లేకుండాపోయింది, షుగరు మందుల పుస్తకంలో కన్ను లేకుండాపోయింది. తర్వాతి కాలంలో కంప్యూటర్లు వచ్చినా ఈ చీలిక వాటిలోకీ పాకింది.

జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో కొంతకాలం వైద్యాధికారిగా పనిచేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరిట 70 పడకల ఆసుపత్రి కట్టించారు. 2004లో ఆయన ముఖ్యమంత్రి అయ్యాక రాష్ట్రంలో ఆరోగ్య రికార్డు కంప్యూటర్‌లోకి పెద్దఎత్తున ఎక్కింది. 2007 ఏప్రిల్‌లో మొదలైన ఆరోగ్యశ్రీలో ఆపరేషన్‌కు అనుమతి, బిల్లు అన్నీ ఆన్‌లైన్‌లోనే నడిచాయి. ఆ వెంటనే 104 బండ్లు వచ్చాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి దూరంగా ఉన్న పల్లెకు నెలకొకసారి, చెప్పిన రోజున బండి వచ్చి ఆగేది. వేలి నుంచి రక్తపు చుక్క తీసి షుగరు చూసేవారు, నెలకు సరిపడా మాత్రలు కట్టి ఇచ్చేవారు, ఆ వివరాలు నమోదు చేసేవారు. బీపీ, షుగరు ఉన్నవాళ్లు నెలనెలా ఒకేచోట, ఒకే రికార్డులో కనిపించడం పల్లెలకు అదే మొదలు. కన్ను చూపించుకొమ్మని చెప్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు. అయితే ఆ బండి ఏర్పాటు చేసిందే మాత్రల కోసం. ఆరోగ్యశ్రీ రికార్డు ముదిరిన జబ్బుకయ్యే ఖర్చు కోసం. ముదరకముందు పిలిచే పని రెండింటికీ అప్పగించలేదు.

కంటి రికార్డును కంప్యూటర్ మీద కట్టుకుంటూ వచ్చింది 1987లో హైదరాబాద్‌లో పుట్టిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ. ఆ సంస్థ సొంతంగా తయారు చేసుకున్న ఐస్మార్ట్ రికార్డులో రోగి షుగరు వివరమూ, రెటీనా స్థితీ ఒకేచోట ఉంటాయి. అయితే ఆ రికార్డులోకి చేరేది కంటి ఆసుపత్రి గడప తొక్కినవాళ్లే. గడప తొక్కనివాళ్ల కోసం 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో 115 ముఖ్యమంత్రి ఈ-ఐ కేంద్రాలు తెరిపించింది. రెటీనా ఫొటో తీసి దూరాన ఉన్న కంటి డాక్టరుకు పంపే పద్ధతి అది.

ఆ ఫొటో తీయడం చూడటానికి తేలిక. గడ్డం ఆనించి, లోపలి పచ్చ దీపం వైపు చూడమంటారు. ఒక మెరుపు మెరుస్తుంది. నారింజరంగు గుండ్రటి బొమ్మలో సూదిమొన కన్నా చిన్న ఎర్రచుక్కలు కనిపిస్తే జబ్బు మొదలైనట్టు, పసుపు మచ్చలు కనిపిస్తే నాళాలు కారుతున్నట్టు. కానీ పెద్ద వయసువారిలో కంటిపాప చిన్నది, పైగా శుక్లం ఉంటుంది. చుక్కల మందు వేసి అరగంట కూర్చోబెడితే గానీ బొమ్మ తేటగా రాదు. మందు వేశాక కొన్ని గంటలు దగ్గరి చూపు ఆనదు, ఎండ భరించలేరు. మగ్గం గుంటలో తెగిన పోగు అతికే ప్రొద్దుటూరు నేతగానికీ, నగ అతికే స్వర్ణకారునికీ అది ఒకరోజు కూలి పోవడం. ఇప్పుడు బాగానే కనబడుతున్న కంటి కోసం ఆ రోజు వదులుకోమని ఒప్పించాల్సి ఉంటుంది. అందుకే ఒక్కసారి చెప్పి వదిలేస్తే సరిపోదు.

2020 ఫిబ్రవరిలో కర్నూలులో మొదలైన అవ్వాతాతల కంటి వెలుగు కార్యక్రమం ఊరూరా పెద్దవాళ్ల కళ్లు చూసింది. అందులోనూ ముందు నిలిచినవి అద్దాలు, శుక్లాలే. ఆ చుట్టుపక్కల ఏళ్లలోనే ముప్పై ఏళ్లు దాటిన ప్రతి మనిషినీ ఇంటి దగ్గరే నమోదు చేసే జాతీయ ఎన్‌సీడీ (అంటువ్యాధులు కాని జబ్బుల) యాప్, 2021 సెప్టెంబరులో దేశమంతటికీ వచ్చిన 14 అంకెల ఆభా ఆరోగ్య సంఖ్య, 2023 ఏప్రిల్‌లో రాష్ట్రంలో మొదలైన, డాక్టరే ఊరికి వచ్చే ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి వచ్చాయి. ఆశా కార్యకర్త నింపే ప్రశ్నల పట్టీలో కన్ను ఉంది. మసకగా ఉందా, చదవడం కష్టంగా ఉందా, వారానికి మించి నొప్పి ఉందా, ఎర్రబడిందా అని అడుగుతుంది. ఈ జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లు నాలుగింటికీ లేదనే చెబుతారు. అడగాల్సింది బాధ గురించి కాదు, కన్ను ఆఖరుసారి ఎప్పుడు చూపించుకున్నారని. ఆ తేదీ రికార్డులో ఉంటేనే సాఫ్ట్‌వేర్ ఏడాది దాటినవాళ్ల జాబితా తీయగలదు.

ఇంగ్లండ్‌లో 2003లో మొదలైన జాతీయ పరీక్ష ఇలాంటి జాబితా మీదే నడిచింది. పన్నెండేళ్లు దాటిన ప్రతి షుగరు రోగికీ ఏటా పిలుపు వెళ్లేది, రానివారికి మళ్లీ వెళ్లేది. 2010 నాటికి పనిచేసే వయసువారి అంధత్వానికి మొదటి కారణంగా ఉన్న స్థానం నుంచి ఈ జబ్బు దిగిపోయింది. భారత్‌లో 2015-19 మధ్య యాభై దాటినవారిపై జరిగిన జాతీయ సర్వేలో 11.8 శాతం మందికి మధుమేహం, వారిలో 16.9 శాతం మందికి రెటీనా జబ్బు ఉన్నట్టు తేలింది. మధుమేహం ఉందని తెలిసినవారిలోనే సుమారు 90 శాతం మంది ఎన్నడూ రెటీనా చూపించుకోలేదు.

పిలుపు అందాక దారి ఖర్చు ఉంటుంది. పులివెందుల పల్లెల నుంచి కడప 70 కిలోమీటర్లకు అటూఇటూ. కర్నూలులోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి అంతకన్నా దూరం. లేజరు ఒక్కపూటతో తీరేది కాదు, మళ్లీ మళ్లీ పోవాలి, తోడు మనిషి కావాలి. పంపిన మనిషి చేరాడా, వైద్యం పూర్తయిందా అన్నది తిరిగి ఊరి ఏఎన్ఎం చేతిలోని ట్యాబ్‌కు రావాలి. పరీక్ష తేదీ పక్కన ఆ గడి కూడా ఉండాలి. అది ఖాళీగా ఉన్నంతకాలం ఆ పేరు జాబితాలోంచి తీసేయకూడదు.