డబుల్ రొట్టె తవారీఖ్

పటాన్‌చెరులోని మా ఇంటికి బ్రెడ్ మిషన్ వచ్చిన రోజు అమ్మీ దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. మూత ఎత్తి చూసింది. లోపల చిన్న బకెట్ లాంటి గిన్నె, దాని అడుగున వేలెడంత రెక్క. "ఇనేచ్ గూందతా, ఇనేచ్ పకాతా. ఫిర్ మై కాయ్‌కు?" అంది. పిండి పిసికేదీ అదే, కాల్చేదీ అదే అయితే ఇక నేనెందుకు అని. నవ్వుతూనే అంది. కాని ఆ సవాల్ నన్ను వదల్లేదు.

మిషన్ కొన్నదే ఆమె చేతుల కోసం. నలభై ఏళ్లు జొన్నరొట్టెలు తట్టిన చేతులవి. రెండేళ్లుగా కీళ్లు వాస్తున్నాయి. పొద్దున్నే పిండి పిసకడం అంటే ఆమెకు సజా అయిపోయింది. నాష్తాకు ఇంట్లోనే తాజా రొట్టె ఉంటే బాగుంటుందని నా ఖయాల్. కాని అమ్మీ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే అసలు సంగతి తెలిసింది. ఖమీర్ వేసి పొంగించిన రొట్టె మా ఇంట్లో ఎప్పుడూ తయారు కాలేదు. మా దాదీమా బావర్చీఖానాలో తవా ఉండేది, తందూర్ లేదు.

మా ఇల్లే కాదు, దక్కన్‌లో చాలా ఇళ్లు అంతే. నాన్, కుల్చా, షీర్మాల్ బజారు నుంచి వచ్చేవి. తందూర్ మండాలంటే బోలెడు ఇంధనం కావాలి, గంటల తరబడి నిప్పు ఆరకూడదు. ఒక్క ఇంటికి అది భారం. అందుకే మహల్లాకో నాన్‌బాయి. తందూర్ అనే మాట చాలా పాతది. అరబ్బీలో తన్నూర్. ఖురాన్‌లో నూహ్ అలైహిస్సలాం తూఫాను ప్రస్తావన వచ్చే చోట, హూద్ సూరాలోనూ మోమినూన్ సూరాలోనూ ఆ మాట ఉంది. బాబిల్ ప్రాంతపు ప్రాచీన అక్కాడీ భాషలోనూ దాన్ని తినూరు అనేవారు. అక్బర్ కాలంలో అబుల్ ఫజల్ రాసిన ఐన్-ఎ-అక్బరీలో షాహీ వంటశాల రొట్టెల లెక్క ఉంది. తందూర్‌లో కాల్చే పెద్ద రొట్టెకు 10 సేర్ల పిండి, 5 సేర్ల పాలు, సేరున్నర నెయ్యి, పావు సేరు ఉప్పు. పలుచటి రొట్టెలు మాత్రం ఇనుప పెనం మీద. బాద్షా దస్తర్‌ఖాన్ మీద కూడా తందూర్ రొట్టె వేరు, చపాతీ వేరు.

మన హైదరాబాద్‌లో పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్ 1851 నుంచి ఉందని చెబుతారు. నాలుగో నిజాం నాసిరుద్దౌలా జమానా అది. దుకాణం పెట్టినాయన మున్షీగా పనిచేసినవాడట, అందుకే ఆ పేరు. నాలుగు మూలల చార్‌కోనీ నాన్, పక్కన నహారీ ఉంటే ఇంకేం కావాలి? ఆ నాన్ కూడా ఇంట్లో చేసుకునేది కాదు, పొట్లం కట్టించుకుని తెచ్చుకునేది.

డబుల్ రొట్టె కథ వేరే దారిలో వచ్చింది. పోర్చుగీసువాళ్లు గోవాకు తెచ్చిన 'పావ్' మాటే మన పావురొట్టె. అక్కడ ఈస్ట్ దొరక్క కల్లుతో పిండి పొంగించారని చెబుతారు. పొంగి రెండింతలు అవుతుంది కాబట్టి డబుల్ అన్నారని మనవాళ్లు అంటారు. హైదరాబాద్ బావర్చీలు ఆ ఫిరంగీ రొట్టెను ముక్కలు కోసి, నెయ్యిలో వేయించి, పాలలో, చక్కెర పాకంలో నానబెట్టి డబుల్ కా మీఠా చేశారు. ఇప్పుడది లేకుండా మన షాదీ దావత్ పూర్తి కాదు. పరాయి రొట్టెను ఇంత అప్నా చేసుకున్న ఊరు ఇంకోటి ఉందా అనిపిస్తుంది.

మాది జహీరాబాద్ వైపు ఊరు. అబ్బా 1980ల మొదట్లో కంపెనీ పని కోసం పటాన్‌చెరు వచ్చాడు. అప్పటికే రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ ఉంది. బొంబాయి రోడ్డు పొడవునా షెడ్లు లేస్తున్నాయి. షిఫ్టు సైరన్ ప్రకారం బతుకు. నైట్ షిఫ్టు దిగి వచ్చేవాళ్లకు పొద్దున చాయ్ హోటల్లో బన్ను, బ్రెడ్. జొన్నరొట్టె తట్టి పెట్టడానికి అక్కడ ఎవరున్నారు? ఇంట్లో బ్రెడ్ అంటే మాత్రం బుఖార్ వచ్చిందని అర్థం. చాయ్‌లో ముంచి తినిపించేవారు. బ్రెడ్ తినాలని నేను దొంగ జ్వరం తెచ్చుకున్న రోజులూ ఉన్నాయి.

ఆ బ్రెడ్ మన దాకా రావడానికి పెద్ద హుకూమత్‌ల చేయి ఉంది. 1956 ఒప్పందం తర్వాత పీఎల్-480 కింద అమెరికా గోధుమలు ఓడల్లో వచ్చాయి. 1965లో కేంద్ర ప్రభుత్వమే మోడరన్ బేకరీస్ పెట్టింది. సర్కారే బ్రెడ్ కాల్చి అమ్మిన జమానా అది. 2000లో దాని 74 శాతం వాటాను హిందుస్థాన్ లీవర్‌కు అమ్మేశారు. ఇటు 1983లో ఎన్టీఆర్ సర్కారు రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చింది. గరీబుల కడుపు నిండింది, అది చిన్న మాట కాదు. కాని జొన్న మెల్లగా పళ్లెం నుంచి తప్పుకుంది.

ఇక్కడో విచిత్రం చెప్పాలి. 1972లో ఇదే పటాన్‌చెరులో ఇక్రిశాట్ పెట్టారు. మెట్ట నేలల్లో పండే జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద దునియా మొత్తానికి పరిశోధన చేసే సంస్థ. ఆ గోడకు లోపల జొన్న మీద ఆలిములు పనిచేస్తుంటే, గోడకు బయట మేము జొన్న మరిచిపోయి బ్రెడ్ పొట్లాలు కొనుక్కుంటున్నాం.

2016 మేలో ఢిల్లీలోని సీఎస్ఈ సంస్థ అక్కడి బ్రెడ్, బన్ను వగైరా 38 నమూనాలు పరీక్షిస్తే 84 శాతంలో పొటాషియం బ్రోమేట్ లేదా అయోడేట్ కనిపించింది. పిండి బాగా పొంగి మెత్తగా ఉండాలని వేసేవి ఇవి. బ్రోమేట్‌కు కేన్సర్‌తో సంబంధం ఉండొచ్చని భయం. జూన్‌లో సర్కారు బ్రోమేట్‌ను నిషేధించింది. ఇంట్లోనే కాల్చుకోవాలన్న ఆలోచన నాకు అప్పుడే పుట్టింది.

ఇక మిషన్ సంగతి. జపాన్‌లో మత్సుషితా కంపెనీవాళ్లు 1980ల్లో దీన్ని తయారు చేయబోతే పైన మాడిపోయేది, లోపల పచ్చిగా ఉండేది. ఎక్స్‌రేలు తీసి చూసినా గుట్టు దొరకలేదు. చివరికి ఇకుకో తనాకా అనే ఉద్యోగిని ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్లో మంచి రొట్టె చేస్తాడని పేరున్న ఉస్తాద్ దగ్గర షాగిర్ద్‌గా చేరింది. అతను పిండిని ఊరికే పిసకడం లేదు, మెలితిప్పుతూ సాగదీస్తున్నాడని కనిపెట్టింది. ఆ మెలిక యంత్రానికి నేర్పడానికి గిన్నె లోపలి గోడకు ప్రత్యేకంగా గీతల్లాంటి ఉబ్బులు పెట్టారు. 1987లో మిషన్ బజారుకొచ్చింది. ఇది చదివాక మా మిషన్ నాకు వట్టి డబ్బాలా కనిపించలేదు. దాని లోపల ఒసాకా నాన్‌బాయి హునర్ తిరుగుతోంది.

మా మొదటి రొట్టె మాత్రం ఇటుక. నేను ఆశపడి పూర్తిగా జొన్నపిండి వేశాను. జొన్నలో గ్లూటెన్ లేదు. ఈస్ట్ వదిలే గాలిని పట్టి ఉంచే సాగుడు గోధుమకే ఉంది. అందుకే జొన్నరొట్టెకు మరిగే నీళ్లు పోసి పిండి కలుపుతారు, ఆ వేడికి పిండి జిగురెక్కి విరగకుండా నిలుస్తుంది. అమ్మీకి ఇది చిన్నప్పటి నుంచి తెలుసు, నేనే అడగలేదు. రెండోసారి సగంలో కరెంటు పోయింది, పిండి పులిసి కూలిపోయింది. మూడోసారి 300 గ్రాముల గోధుమపిండి, 100 గ్రాముల జొన్నపిండి. ముందు నీళ్లు, పైన పిండి, ఒక మూల ఉప్పు, నడుమ గుంత చేసి చెంచాడు ఈస్ట్.

మిషన్ తిరగడం మొదలైన ఐదు నిమిషాలకు అమ్మీ వచ్చి మూత ఎత్తింది. రెండు వేళ్లతో ముద్దను తాకింది. "ఆటా ప్యాసా హై" అంది. పిండికి దాహంగా ఉందట. మూడు చెంచాల నీళ్లు పోసింది. మిషన్‌తో వచ్చిన పుస్తకంలోని కొలత దానికి తెలిసిన పిండిదే. మా గల్లీ గిర్నీలో పట్టించిన పిండిలో తవుడు ఎక్కువ, అది ఎక్కువ నీళ్లు తాగుతుంది. ఆ సంగతి ఒసాకా ఉస్తాద్‌కు తెలియదు, జహీరాబాద్ వేళ్లకు తెలుసు.

మూడున్నర గంటల తర్వాత రొట్టె గిన్నె అంచు దాకా పొంగి వచ్చింది. కాస్త బరువుగా, జొన్న ఖుష్బూతో. ఆ రమ్‌జాన్‌లో రాత్రి టైమర్ పెట్టి పడుకునేవాళ్లం. సెహ్రీకి అలారం కన్నా ముందు వాసనే లేపేది.

ఇప్పుడు పిసికే మెహనత్ మిషన్‌ది, వేళ్లు పెట్టి చూడటం అమ్మీది. "ఫిర్ మై కాయ్‌కు" అని మళ్లీ అనలేదు. మొదటి మంచి రొట్టెను తనే కోసింది, సగం పక్కింటికి పంపింది. మిగిలిన సగం నోట్లో పెట్టుకుని, "జొన్న కొంచెం పాతది. ఈసారి ఊరి నుంచి తెప్పించు" అంది.