రక్షణ తరువాతి పరిశుద్ధ జీవనం: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంత క్రైస్తవంలో రెండు భావధారలు

ఉపోద్ఘాతం

క్రైస్తవ విశ్వాసంలో రక్షణ దేవుని వరం; మనిషి తన పుణ్యంతో ఆర్జించుకొనేది కాదు. అయితే ఆ వరం పొందినవాడు ఆపైన ఎలా జీవించాలి? ఈ ప్రశ్నకు నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం రెండు భిన్న పదజాలాలలో సమాధానం విన్నది. ఆ పదాల వెనుకనున్న సామాజిక చరిత్రను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పరిశుద్ధి ఈ నేలకు కొత్త భావన కాదు. 1565 నాటి తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజధాని అయిన పెనుకొండలో జైనాలయాలు, బాబయ్య దర్గా ఉన్నాయి. హిందూపురం చేరువలో లేపాక్షి వీరభద్రాలయం ఉంది. వ్రతం, దీక్ష, గురుసేవ ఇక్కడి జనానికి చిరపరిచితాలు. కదిరి సమీపంలోని కటారుపల్లిలో సమాధి ఉన్న వేమన బాహ్యాచారాన్ని నిరసించి చిత్తశుద్ధిని నిలబెట్టాడు. అంటే క్రైస్తవం వచ్చేనాటికే శుద్ధి ఇక్కడ వివాదాస్పదమైన మాట.

తపోమార్గం

18వ శతాబ్ది ఆరంభంలో ఫ్రెంచి జెస్యూట్‌ల కర్ణాటక మిషన్ పుంగనూరు, చిన్నబళ్ళాపురం, కృష్ణాపురం వంటి కేంద్రాలలో పనిచేసింది. లె గాక్, కూర్దూ మొదలైనవారు ఈ మిషన్‌కు చెందినవారే. ఈ గురువులు కాషాయం ధరించి, మద్యమాంసాలు విడిచి, సన్న్యాసుల వలె జీవించారు. పరిశుద్ధ జీవనమంటే ఏమిటో ప్రజలు ముందుగా వారి నడవడిలోనే చూశారు. కథోలిక తెలుగులో నిలిచిన జ్ఞానస్నానం, పాపసంకీర్తనం, దివ్యసత్ప్రసాదం, తపస్సుకాలం అన్న మాటలు ఈ దృష్టికి సరిపోతాయి. జ్ఞానస్నానంతో మొదలైన శుద్ధి గురుసన్నిధిలో పాపాలు చెప్పుకొని, ప్రాయశ్చిత్తం చేసుకొంటూ జీవితాంతం సాగుతుంది.

అయితే సన్న్యాసవేషం కులమర్యాదనూ వెంట తెచ్చింది. పరయ కులస్థులకు జబ్బు చేసినా వారి ఇండ్లకు వెళ్ళి సంస్కారాలు ఇవ్వడానికి గురువులు వెనుకాడేవారు. 1704లో పుదుచ్చేరిలో కార్డినల్ టూర్నన్ జారీ చేసిన ఆజ్ఞ ఈ పద్ధతిని నిషేధించింది. 1744లో పోపు 14వ బెనెడిక్టు శాసనం ఆ నిషేధాలను స్థిరపరచినా, పరయలకు వేరుగా గురువులను నియమించే ఏర్పాటును అంగీకరించింది. ఆత్మశుద్ధిని బోధించినవారు అంటుశుద్ధిని పూర్తిగా దాటలేకపోయారు.

సాక్ష్యమార్గం

రెండవ ధార ప్రొటెస్టెంటులది. లండన్ మిషనరీ సొసైటీ 1810లో బళ్ళారిలో, 1822లో కడపలో, 1890లో అనంతపురంలో కేంద్రాలు నెలకొల్పింది. 1893లో ప్రారంభమైన సిలోన్ అండ్ ఇండియా జనరల్ మిషన్ అనంతపురం జిల్లా దక్షిణ తాలూకాలలో పనిచేసింది. 1875లో ఇంగ్లండులో మొదలైన కెస్విక్ సభల ప్రభావం ఆ కాలపు విశ్వాస మిషన్‌లపై విస్తృతంగా ఉంది. రక్షణ పొందిన విశ్వాసి తనను సంపూర్ణంగా దేవునికి అప్పగించుకొని, పరిశుద్ధాత్మ బలంతో పాపంపై విజయం పొందాలన్నది వారి బోధ. మారుమనస్సు, రక్షణ, సాక్ష్యం, పరిశుద్ధత అన్నవి ఈ ధారలోని కీలక పదాలు. ఇక్కడ పరిశుద్ధతకు సాక్షి గురువు కాదు, సంఘం. పాపాన్ని గురువు చెవిన వేసే చోట, విడిచిన పాపాన్ని పదిమందిలో చెప్పడం వచ్చింది.

శుద్ధికి చెల్లించిన మూల్యం

సంఘం ఎదుట నిలిచే ఈ పరిశుద్ధత దళితుల జీవితంలో ఏ రూపం దాల్చిందో ఒంగోలు అమెరికన్ బాప్తిస్టు మిషన్ చరిత్ర స్పష్టంగా చూపుతుంది. జాన్ క్లౌ మాదిగ విశ్వాసులకు మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది అక్కడ బాప్తిస్మం పొందారు. ఈ నియమాలు పైకి ఆధ్యాత్మికమైనవే. కాని ఆదివారం పని మానితే ఆసామితో తగవు. జాతరలో డప్పు కొట్టకపోతే ఊరితో తగవు. గ్రామసేవకు ముడిపడిన ధాన్యపు వాటా పోయే ప్రమాదం ఉండేది; సాంఘిక బహిష్కారాలూ ఎదురయ్యాయి. పరిశుద్ధ జీవనం వారికి ఏకాంత సాధన కాలేదు. జీవనభృతిని పణంగా పెట్టిన నిర్ణయమైంది.

మరోవైపు, అదే నియమం ఆత్మగౌరవాన్నిచ్చింది. నీచమని ఊరు అంటగట్టిన పనిని నిరాకరించడానికి దైవాజ్ఞ ఆధారమైంది. అయితే డప్పును పాపచిహ్నంగా భావించినప్పుడు దానితోపాటు ఒక కళావారసత్వమూ దూరమైంది. లాభనష్టాలు రెండూ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి.

ముగింపు

తపోమార్గం పరిశుద్ధతను దీర్ఘసాధనగా చూపింది గాని, కులపు గడప వద్ద తడబడింది. సాక్ష్యమార్గం ఆ గడప దాటింది గాని, పరిశుద్ధతను కొన్నిసార్లు నిషేధాల జాబితాగా కుదించింది. రెండింటినీ కొలవడానికి వేమన వదిలిన ప్రశ్న ఈ ప్రాంతంలోనే ఉంది: మారింది ఆచారమా, మనసా? క్రైస్తవ తెలుగు పదజాలాన్ని అనువాద సమస్యగా మాత్రమే చూస్తే ఈ ప్రశ్న కనిపించదు. ఒక్కొక్క పదం ఎవరి ఇంటి ముంగిట నిలిచి పలికిందో గుర్తించినప్పుడే దాని అర్థచరిత్ర సమగ్రమవుతుంది.